గురువారం బిల్లు, సోమవారం ఓటు: ఖర్చు లెక్క ఎలా తేలుతుంది?

మీరు అడిగినవి మూడు. అమెరికా ప్రతినిధుల సభలో "సస్పెన్షన్" పద్ధతిలో వచ్చే బిల్లులకు రెండు మూడు రోజుల్లో ఖర్చు అంచనా ఎలా వేస్తారు? చట్టసభకు ఖర్చు లెక్కలు కట్టే కాంగ్రెషనల్ బడ్జెట్ ఆఫీస్ (సీబీఓ) పట్టికలో కొన్ని బిల్లులకు అంకె, కొన్నిటికి "అంచనా వేయలేదు" అని ఎందుకు ఉంటుంది? కోర్సు ప్రాజెక్టు కోసం మీరే ఒక బిల్లుకు లెక్క కట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మూడోదానితో మొదలుపెడతాను. అది తెలిస్తే మిగతా రెండు చిక్కులూ దాంతోపాటే విడిపోతాయి. అంకెతో మొదలుపెట్టకండి. "ఎంత" అన్నది ఆఖరి ప్రశ్న. అంతకుముందు మూడు సంగతులు తేలాలి: ఓటు పడేది బిల్లు ఏ పాఠం మీద, ఆ డబ్బు ఏ ఖాతాలో పడుతుంది, దేనితో పోల్చి ఎక్కువ తక్కువలు చెబుతున్నాం. తొందరలో వచ్చే తప్పుల్లో చాలా మటుకు కూడికల్లో ఉండవు, ఈ మూడింటిలోనే ఉంటాయి.

సస్పెన్షన్ గురించి తెలియనివారికి రెండు ముక్కలు. సభ నిబంధనల్లో 15వ రూల్ కింద సోమ, మంగళ, బుధవారాల్లో ఈ పద్ధతి వాడొచ్చు. చర్చ 40 నిమిషాలే. సభలో సవరణలు పెట్టడానికి వీల్లేదు. నిబంధనలు అతిక్రమించారన్న అభ్యంతరాలూ చెల్లవు, ఎందుకంటే నిబంధనలనే పక్కన పెట్టేశారు. అందుకు బదులుగా మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. పోస్టాఫీసులకు పేర్లు పెట్టే బిల్లులు ఇలాగే వెళ్తాయి. వందల బిలియన్ల బిల్లులు కూడా ఒక్కోసారి ఇదే దారిన వెళ్తాయి.

1974 నాటి బడ్జెట్ చట్టం 402వ సెక్షన్ ప్రకారం, కమిటీ ఆమోదించి రిపోర్టు చేసిన బిల్లుకు సీబీఓ అంచనా ఇవ్వాలి. సస్పెన్షన్ జాబితాలోకి వచ్చే బిల్లుల్లో కొన్ని కమిటీ గడపే తొక్కవు. మరికొన్ని కమిటీ దాటాక మారిపోతాయి. అందుకని మెజారిటీ లీడర్, సభ బడ్జెట్ కమిటీ కోరిన మీదట సీబీఓ ఆ జాబితాకు విడిగా ఒక పట్టిక ఇస్తుంది. అందులో ఉండేవి రెండే: ప్రత్యక్ష వ్యయం (ఏటా కేటాయింపు అక్కర్లేకుండా చట్టం బలంతోనే జరిగే ఖర్చు), రాబడి. ఏటా కేటాయింపుల బిల్లులతో జరిగే ఖర్చు దాని పరిధిలోకే రాదు. పట్టికను చదివేటప్పుడు జనం ముందు మరిచిపోయేది ఇదే.

మన దేశంలో చదివినవారికి ఇది కొత్తగా ఉంటుంది. లోక్‌సభలో ఖర్చు ఉన్న ప్రతి బిల్లుకూ 69వ నిబంధన కింద ఆర్థిక మెమొరాండం జతచేయాలి. కానీ దాన్ని రాసేది బిల్లు తెచ్చినవారే. "ఈ దశలో కచ్చితంగా చెప్పలేం" అని ఒక వాక్యం రాసినా గడిచిపోతుంది. అమెరికాలో బిల్లుతో సంబంధం లేని మూడో మనిషి లెక్క కడతాడు. తేడా అంతా అక్కడే ఉంది.

ఇక పాఠం సంగతి. ప్రెస్ నోట్, "సెక్షన్లవారీ సారాంశం" చూసి లెక్క కట్టకండి. సభ పత్రాలు పెట్టే సైట్‌లో ఆ వారానికి పెట్టిన పీడీఎఫ్ తీసుకోండి. పెట్టిన తేదీ, సమయం రాసుకోండి. బిల్లు పేరు పక్కన "సవరించిన మేరకు" అని ఉందంటే మొదట ప్రవేశపెట్టిన పాఠం ఇక చెల్లదని అర్థం. బిల్లు నంబరు మాత్రం మారదు, అందుకే జనం మోసపోతారు. పోయిన కాంగ్రెస్‌లో, అంటే అంతకుముందు రెండేళ్ల సభాకాలంలో, ఇలాంటి బిల్లుకే సీబీఓ అంచనా ఉంటే అది గొప్ప ఆధారమే. రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి పోల్చండి. పదాలన్నీ ఒకేలా ఉండి ఒక్క తేదీ మారినా అంకె మారుతుంది. అమలు తేదీ ఏడాది జరిగితే పదేళ్ల లెక్కలోంచి ఒక ఏడాది ఖర్చు జారిపోతుంది. మొత్తం తగ్గినట్టు కనిపిస్తుంది గానీ నిజానికి ఏమీ తగ్గలేదు.

తర్వాత ఖాతా. నా దృష్టిలో సగం పని ఇక్కడే ఉంది. బిల్లులో "ఆథరైజ్డ్ టు బి అప్రోప్రియేటెడ్" అని ఉంటే ఆ పక్కన 500 మిలియన్ డాలర్లు రాసి ఉన్నా సస్పెన్షన్ పట్టికలో దానికి పడేది సున్నా. అది డబ్బు ఇవ్వడం కాదు, ఇవ్వడానికి అనుమతి మాత్రమే. డబ్బు నిజంగా కదలాలంటే తర్వాత కేటాయింపుల బిల్లు రావాలి, లెక్క అప్పుడు అందులో పడుతుంది. అదే "దేర్ ఈజ్ అప్రోప్రియేటెడ్, అవుట్ ఆఫ్ ఎనీ మనీ ఇన్ ద ట్రెజరీ" అని ఉంటే ఖజానా తలుపు అక్కడే తెరిచినట్టు. "వితౌట్ ఫర్దర్ అప్రోప్రియేషన్", "షల్ బి ఎన్‌టైటిల్డ్" అన్న మాటలున్నా అంతే. పీడీఎఫ్‌లో ముందుగా ఈ నాలుగు మాటలూ వెతకండి. ఇరవై పేజీల బిల్లులో ఏ పేజీ మీద కూర్చోవాలో అయిదు నిమిషాల్లో తెలుస్తుంది.

ఈ మాటలేవీ లేకుండానే ప్రత్యక్ష వ్యయం చేసే బిల్లులూ ఉన్నాయి. కొత్తవారు బోల్తా పడేది వీటి దగ్గరే. ఒక బిల్లు కొత్త నేరాన్ని సృష్టించి జరిమానా పెట్టిందనుకోండి. క్రిమినల్ జరిమానాలు రాబడిగా నమోదై, నేర బాధితుల నిధిలో జమై, తర్వాత కేటాయింపు అక్కర్లేకుండానే ఖర్చవుతాయి. అంటే రాబడి గడిలోనూ, వ్యయం గడిలోనూ రెండు చిన్న అంకెలు పడతాయి. సివిల్ జరిమానా అయితే రాబడి వరకే. కేసులు ఏడాదికి ఏ పదో ఉంటాయి కాబట్టి అయిదు లక్షల డాలర్ల లోపే తేలుతుంది. అంత చిన్న మొత్తానికి అంకె వేయరు, "సున్నాకూ 5 లక్షల డాలర్లకూ మధ్య" అని రాసి వదిలేస్తారు. కానీ గడి ఖాళీగా మాత్రం వదలరు.

బ్యాంకుల మీద కొత్త నిబంధన రాయమనే బిల్లు ఇంకో రకం. నిబంధన రాసే పని షేర్ మార్కెట్‌ను చూసే సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్‌ది అయితే ఖర్చు ఏటా కేటాయింపుల్లోకి వెళ్తుంది, ఫీజులతో భర్తీ అవుతుంది. బ్యాంకు డిపాజిట్లకు బీమా ఇచ్చే ఎఫ్‌డీఐసీది అయితే ప్రత్యక్ష వ్యయం. కేంద్ర బ్యాంకైన ఫెడరల్ రిజర్వ్‌ది (ఫెడ్) అయితే ఖర్చుగా కనిపించదు. ఫెడ్ తన ఖర్చులు పోగా మిగిలింది ఖజానాకు జమచేస్తుంది, ఆ జమను బడ్జెట్‌లో రాబడిగా చూపిస్తారు. కాబట్టి అక్కడ ఖర్చు పెరిగితే రాబడి తగ్గినట్టు. ఒకే వాక్యం, ఒకే పని. సంస్థ మారితే గడి మారుతుంది. "ఈ మూడు సంస్థలూ కలిసి నిబంధనలు రూపొందించాలి" అని బిల్లులో ఉంటే మూడు గడుల్లోనూ వెతకాలి.

ఫెడరల్ భూమిని ఏ కౌంటీకో ఉచితంగా రాసిచ్చే బిల్లులు సస్పెన్షన్‌లో తరచూ కనిపిస్తాయి. దానికి ఖర్చేముంటుంది అనిపిస్తుంది. ఆ భూమి మీద మేత లీజో, ఖనిజ లీజో ఉంటే ఇకముందు రావాల్సిన ఆ ఆదాయం పోతుంది. ఆ నష్టం ప్రత్యక్ష వ్యయం పెరిగినట్టుగా పడుతుంది. ఆ ఆదాయం బడ్జెట్‌లో "వ్యయంలోంచి తీసివేసే రాబడి"గా ఉంటుంది కాబట్టి. పన్నులతో వచ్చే రాబడి వేరు, ఇది వేరు. ఈ రెంటినీ ఒకే గడిలో కలిపితే మొత్తం లోటు సరిగానే వస్తుంది, గడులు మాత్రం తప్పుతాయి. బడ్జెట్ కమిటీవారు చూసేది గడుల్నే.

ఇక పోలిక. లెక్కంతా బేస్‌లైన్ మీద ఆధారపడుతుంది. 1985 నాటి లోటు నియంత్రణ చట్టం 257వ సెక్షన్ బేస్‌లైన్ కట్టే పద్ధతి చెబుతుంది. ఉన్న చట్టం ఉన్నట్టే నడిస్తే వచ్చే పదేళ్లలో ఎంత ఖర్చు, ఎంత రాబడి అన్నది అందులో ఉంటుంది. ఒక చిక్కు గుర్తుపెట్టుకోండి. పాత, పెద్ద పథకాలకు చట్టంలో గడువు తీరిపోయినా అవి కొనసాగుతాయనే బేస్‌లైన్ అనుకుంటుంది. వాటిని పొడిగించే బిల్లుకు స్కోరు, అంటే లెక్కలో పడే ఖర్చు, సున్నా. పన్ను రాయితీలకు సాధారణంగా ఆ సౌకర్యం లేదు, గడువు తీరితే తీరినట్టే. కాబట్టి రాయితీ పొడిగింపు పూర్తి ఖర్చుతో కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక ఊహాత్మక బిల్లు తీసుకుని అంకెల్లోకి దిగుదాం. మరణించిన సైనికుల జీవిత భాగస్వాములకు మాజీ సైనికుల శాఖ ఇచ్చే నెలవారీ పరిహారం ఉంది. అందులో 40,000 మందికి నెలకు 150 డాలర్లు పెంచుతారు, 2026 అక్టోబరు నుంచి అమలు. నెలకు 6 మిలియన్లు. పన్నెండు నెలలు వేసి "ఏడాదికి 72 మిలియన్లు, పదేళ్లకు 720" అని చాలామంది అక్కడితో ఆపేస్తారు. అలా చేస్తే మొదటి మూడేళ్లలో ఒక్క ఏడాది అంకె కూడా సరిపోదు.

ఎందుకంటే ఆ శాఖ ఒక నెల పరిహారాన్ని తర్వాతి నెల ఒకటో తేదీన చెల్లిస్తుంది. ఒకటో తేదీ శని, ఆదివారాల్లో పడితే ముందు వచ్చే పనిరోజునే వేసేస్తుంది. ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది, దాన్ని ముగిసే ఏడాది పేరుతోనే పిలుస్తారు. 2026 అక్టోబరు నెల డబ్బు నవంబరు 1న రావాలి. అది ఆదివారం, కాబట్టి అక్టోబరు 30నే పడుతుంది. 2027 సెప్టెంబరు నెల డబ్బు 2027 అక్టోబరు 1, శుక్రవారం పడుతుంది. అంటే అది తర్వాతి ఆర్థిక సంవత్సరం కిందికి పోయింది. కాబట్టి 2027లో చెల్లింపులు 11 మాత్రమే, 66 మిలియన్లు. 2028 అక్టోబరు 1 ఆదివారం. ఆ రోజు పడాల్సింది సెప్టెంబరు 29నే పడుతుంది. కాబట్టి 2028లో 13 చెల్లింపులు, 78 మిలియన్లు. 2029 అక్టోబరు 1 సోమవారం, జరగాల్సిన పని లేదు. కాబట్టి 2029లో మళ్లీ 11, అంటే 66. జనం సంఖ్య మారకుండానే అంకె 66, 78, 66 అని ఊగుతుంది. పట్టికలో ఇలాంటి ఊపు కనిపిస్తే తప్పు అనుకోకండి, క్యాలెండర్ చూడండి.

దీని మీద ఇంకో నాలుగు పొరలు ఉన్నాయి. పెంచిన 150కి ఏటా ధరల సర్దుబాటు వర్తిస్తుందా లేదా అన్నది బిల్లులో ఒక్క పదం మీద ఉంటుంది. పెంపు దానంతట అదే పడుతుందా, దరఖాస్తు చేసుకోవాలా చూడండి. దరఖాస్తు అంటే మొదటి రెండేళ్లూ అందరూ రారు. కొంతమంది చనిపోతారు, కొంతమంది కొత్తగా చేరతారు. ఈ 40,000 మందిలో పేదలకిచ్చే ఎస్‌ఎస్‌ఐ సాయం అందుకునేవారు ఉంటే, ఈ పరిహారం వారికి ఆదాయం కింద లెక్క. పెరిగినంత మేరకు అటు కోత పడుతుంది. అంటే ఒక పథకంలో పెరిగి ఇంకో పథకంలో కొంత తగ్గుతుంది. ఆ తగ్గింపును మరిచిపోతే అంకె ఎప్పుడూ పెద్దగానే వస్తుంది. శాఖలో కంప్యూటర్ వ్యవస్థ మార్చే ఖర్చు సాధారణంగా ఏటా కేటాయింపుల్లోది, కాబట్టి మన పట్టికలోకి రాదు.

బిల్లు చట్టమయ్యే తేదీని కూడా మీరే ఊహించాలి. 2026 అక్టోబరు నుంచి అమలు అని రాసి, బిల్లు 2027 ఫిబ్రవరిలో సంతకమైతే ఆ నాలుగు నెలల బకాయి ఒకేసారి పడుతుంది. మొత్తం అదే ఉంటుంది, సంతకం సెప్టెంబరు 30 దాటితే మాత్రం ఏళ్లవారీ అంకెలు మారతాయి. మీ పట్టిక అడుగున ఏ తేదీ ఊహించారో ఒక వాక్యం రాయండి. రాయకపోతే లెక్క మళ్లీ చూసేవారికి మతి పోతుంది.

ఖర్చు పెట్టే ఇలాంటి బిల్లు చివర "భర్తీ" ఉంటుంది, దాన్ని ఆఫ్‌సెట్ అంటారు. మాజీ సైనికుల బిల్లుల్లో దాదాపు ఎప్పుడూ కనిపించే భర్తీ ఇళ్ల రుణాల మీద వసూలు చేసే ఫీజు. ఎక్కువ రేటు ఫలానా తేదీ వరకే అని చట్టంలో ఉంటుంది. బిల్లు ఆ గడువును కొన్ని వారాలో నెలలో పొడిగిస్తుంది. కస్టమ్స్ యూజర్ ఫీజుల గడువు, వృద్ధుల ఆరోగ్య బీమా మెడికేర్ చెల్లింపుల్లో 2 శాతం కోత గడువు జరపడమూ ఇదే తంతు. పేదల ఆరోగ్య బీమా మెడికెయిడ్ మీద నర్సింగ్ హోమ్‌లో ఉండేవారికి మాజీ సైనికుల పింఛనును నెలకు 90 డాలర్లకు పరిమితం చేసే నిబంధన ఉంది. దాని గడువునూ ఇందుకే వాడతారు. ఖర్చు రేపే మొదలవుతుంది, భర్తీ మాత్రం ఎక్కడో పదేళ్ల కిటికీ అంచున ఉంటుంది. పదేళ్ల మొత్తం సున్నా వచ్చింది కదా అని మొదటి అయిదేళ్ల అంకె చూడకుండా వదలకండి.

ఇందులో అసలు ఉచ్చు వేరే ఉంది. ఒకే వారం జాబితాలో రెండు బిల్లులు అదే ఫీజు గడువును అదే తేదీకి జరపొచ్చు. విడివిడిగా చూస్తే రెండిటికీ భర్తీ ఉన్నట్టే లెక్క, రెండూ నిజమే. మొదటిది చట్టమైన మరుక్షణం రెండోదాని భర్తీ సున్నా అవుతుంది, ఎందుకంటే ఆ తేదీ అప్పటికే జరిగిపోయింది. విడి బిల్లు అంచనాలో ఇది ఎక్కడా కనిపించదు. జాబితా మొత్తాన్ని ఒక షీట్‌లో పెట్టి "ఏ సెక్షన్‌ను ఏ తేదీకి మారుస్తోంది" అనే ఒక్క నిలువు వరస పెట్టుకోండి. రెండు గడుల్లో ఒకే సెక్షన్ కనిపిస్తే అక్కడ ఆగాలి. ఇంత చిన్న పని చేయక తలనొప్పులు తెచ్చుకునేవారు తక్కువేం లేరు.

ఇప్పుడు "అంచనా వేయలేదు" సంగతి. బిల్లు ప్రత్యక్ష వ్యయాన్ని కదుపుతుందా లేదా అన్నది పాఠం చదివితే చాలావరకు ఒక పూటలో తేలుతుంది. ఎంత కదుపుతుందో తేలాలంటే శాఖ నుంచి డేటా రావాలి, మోడల్ నడపాలి, పన్నుల ముక్క ఉంటే అది జాయింట్ కమిటీ ఆన్ టాక్సేషన్ నుంచి రావాలి. 1926 నుంచి ఉన్న ఆ కమిటీ సిబ్బందే ఆదాయపన్ను చట్టం మీద అంచనాలు వేస్తారు, సీబీఓ చట్టప్రకారం వాటినే వాడాలి. సోమవారం లోగా ఇవన్నీ కాకపోతే, ప్రభావం ఉందని చెప్పి, పరిమాణం మాత్రం వదిలేస్తారు. కాబట్టి "అంచనా వేయలేదు" అంటే సున్నా కాదు. నిజం చెప్పాలంటే అది "ఇక్కడ ఏదో ఉంది" అన్న హెచ్చరికే. ప్రాజెక్టులో మీరు మొత్తం కూడేటప్పుడు ఆ గడిని సున్నాగా తీసుకుంటే అంతా తప్పుతుంది. ఆ వరస పక్కన గుర్తు పెట్టి, మొత్తం కింద "ఇన్ని బిల్లులు ఇందులో లేవు" అని రాయండి.

చట్టమయ్యాక ఈ అంకెలు వెళ్లేది కొత్త ఖర్చుకు భర్తీ ఉండాలనే 2010 నాటి పే-గో చట్టం కింద ఉండే స్కోర్‌కార్డు అనే చిట్టాకు. బిల్లులోనే ఒక ప్రామాణిక వాక్యం ఉంటుంది: దీని బడ్జెట్ ప్రభావాన్ని ఓటుకు ముందు బడ్జెట్ కమిటీ ఛైర్మన్ కాంగ్రెస్ రికార్డులో ప్రచురణకు ఇచ్చిన ప్రకటన ప్రకారం తీసుకోవాలని. ఆ వాక్యమూ, సమయానికి ఇచ్చిన ప్రకటనా రెండూ ఉంటేనే కాంగ్రెస్ వైపు అంకె నిలబడుతుంది. ఏది లేకపోయినా అధ్యక్షుడి బడ్జెట్ కార్యాలయం ఓఎంబీ వేసుకున్న లెక్కే ఎక్కుతుంది. తొందరలో వెళ్లే బిల్లులకు ఈ ప్రకటన జారిపోవడం ఎక్కువ. స్కోర్‌కార్డులో లోటు తేలితే ఏడాది చివర కోతలు పడాలి. ఇప్పటివరకు అలాంటి కోత ఒక్కసారి కూడా అమలు కాలేదు, ప్రతిసారీ కాంగ్రెస్ వేరే చట్టంతో ఆ బాకీని తుడిచేస్తుంది లేదా వాయిదా వేస్తుంది. అయినా లెక్క రాయడం ఆగదు.

స్కోర్‌కార్డుకు వెలుపల పడేవీ ఉన్నాయి, వాటికి 2024లో మంచి ఉదాహరణ దొరికింది. టీచర్లు, పోలీసుల వంటి ప్రభుత్వ పింఛనుదారులకు సోషల్ సెక్యూరిటీ అనే సామాజిక భద్రతా పింఛనులో కోత వేసే రెండు నిబంధనలను రద్దుచేసే బిల్లు 2024 నవంబరు 12న సస్పెన్షన్‌లో 327-75తో నెగ్గింది. 2025 జనవరి 5న సంతకమైంది. సీబీఓ అంచనా పదేళ్లకు సుమారు 196 బిలియన్ డాలర్లు. ఒక కోత దాదాపు 21 లక్షల మందికి, రెండోది ఏడు లక్షల పైచిలుకు మందికి పడుతుండేది, కాబట్టి అంకె ఆశ్చర్యమేమీ కాదు. ఇందులో అంచనా లేదన్న సాకుకూ చోటు లేదు, సెప్టెంబరులోనే వచ్చింది. కానీ సోషల్ సెక్యూరిటీ "ఆఫ్-బడ్జెట్", అంటే మామూలు బడ్జెట్ లెక్కకు బయట ఉండేది, పే-గో చట్టం ఆఫ్-బడ్జెట్ ప్రభావాలను లెక్కలోకి తీసుకోదు. 196 బిలియన్ల బిల్లు స్కోర్‌కార్డు మీద దాదాపు గీత కూడా పెట్టకుండా వెళ్లిపోయింది. అంచనా ఉండటం వేరు, ఆ అంచనాకు పళ్లు ఉండటం వేరు.

అంచనా లేకుండానే ఓటేసిన సందర్భాలు ఎలా తేలాయో చూడండి. 2020 మార్చి 14న కోవిడ్ మొదటి ఉపశమన బిల్లుల్లో ఒకటి, ఉచిత పరీక్షలూ వేతన సెలవులూ ఉన్నది, సస్పెన్షన్‌లో 363-40తో వెళ్లింది. రెండు రోజులకే దానికి దిద్దుబాట్లు చేయాల్సి వచ్చింది. 18న సంతకం, ఏప్రిల్ 2న అంచనా: 192 బిలియన్లు. అందులో మెడికెయిడ్‌కు కేంద్రం వాటాను 6.2 శాతం పాయింట్లు పెంచే నిబంధన ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ఎంతకాలం నడిస్తే అంతకాలం అని ఉంది. ఆ అత్యవసర పరిస్థితి 2023 మే 11 దాకా నడిచింది. అంత పొడవు 2020 ఏప్రిల్ లెక్కలో లేదు. బిల్లులో తేదీకి బదులు "ఫలానా పరిస్థితి ఉన్నంతకాలం" అని కనిపిస్తే, మీ అంచనాలో అన్నిటికన్నా బలహీనమైన ముక్క అదే. రెండు మూడు కాలపరిమితులకు విడివిడిగా లెక్క కట్టి చూపించండి.

అదే నెల 27న సంతకమైన మరో కోవిడ్ సాయం చట్టం, కేర్స్ చట్టాన్ని అందరూ 2.2 ట్రిలియన్ డాలర్లదని అన్నారు. ఏప్రిల్ మధ్యలో సీబీఓ లోటు మీద ప్రభావం దాదాపు 1.8 ట్రిలియన్లన్నది. రెండూ అబద్ధం కాదు. ఫెడరల్ రిజర్వ్ రుణ పథకాలకు ఖజానా దన్నుగా పెట్టిన 454 బిలియన్లు తిరిగి వచ్చే ఆదాయంతో దాదాపు సరిపోతాయని వాటికి నికర ఖర్చు వేయలేదు. రుణాలకూ గ్యారంటీలకూ 1990 నాటి ఫెడరల్ రుణ సంస్కరణ చట్టం ప్రకారం చూసేది ఇచ్చిన మొత్తాన్ని కాదు, వాటి మొత్తం జీవితకాలంలో మిగిలే నికర నష్టాన్ని. బిల్లులో రుణం అన్న మాట కనబడితే హెడ్‌లైన్ అంకెను పక్కన పెట్టేయండి.

మెజారిటీ ఓటుతో సెనేట్ దాటే రీకన్సిలియేషన్ కూడా వేగం దారే, కానీ అక్కడ అంచనా అవసరం ఇంకా ఎక్కువ. బడ్జెట్‌తో సంబంధం లేనివాటిని అడ్డుకునే బర్డ్ రూల్ వల్ల ప్రతి నిబంధనకూ బడ్జెట్ ప్రభావం ఉందా, బిల్లులో ఏ టైటిలైనా (భాగమైనా) పదేళ్ల తర్వాత లోటు పెంచుతుందా అని ముక్కముక్కకీ తేల్చాలి. అయినా 2017 మే 4న ఆరోగ్య బీమా చట్టం రద్దు బిల్లును ప్రతినిధుల సభ తాజా అంచనా రాకముందే 217-213తో ఆమోదించింది. మార్చిలో వచ్చిన మొదటి అంచనాలో లోటు తగ్గింపు 337 బిలియన్లు. మే 24న వచ్చిన, ఓటేసిన పాఠపు అంకె 119 బిలియన్లు. మధ్యలో కలిపిన సవరణల ధర ఆ తేడా.

2025 జులై 4న సంతకమైన పెద్ద పన్నుల చట్టంలో పోలిక తగవే నడిచింది. సెనేట్ బడ్జెట్ కమిటీ ఛైర్మన్ బడ్జెట్ చట్టం 312వ సెక్షన్ అధికారంతో, గడువు తీరబోయే పన్ను కోతలు కొనసాగుతాయనే బేస్‌లైన్ తీసుకున్నారు. ఆ పోలికలో లోటు తగ్గుతున్నట్టు వచ్చింది. ఉన్న చట్టంతో పోల్చి సీబీఓ ఇచ్చినది: పదేళ్లలో 3.4 ట్రిలియన్ల పెరుగుదల, అదీ వడ్డీ కాకుండా. వడ్డీ కలిపితే 4.1. ఒకే పాఠం, మూడు అంకెలు. మామూలు అంచనాల్లో వడ్డీ ఉండదు. ఆర్థిక వ్యవస్థ మొత్తం పరిమాణం మారదనే అనుకుంటారు. కానీ మనుషులు ప్రవర్తన మార్చుకోవడం లెక్కలో ఉంటుంది. "స్టాటిక్ లెక్క" (ఎవరూ ఏమీ మారరనుకునే లెక్క) అని తీసిపారేసేవారికి ఈ తేడా తెలియదు.

ప్రవర్తన అంటే ఏమిటో మనవాళ్లందరికీ తెలిసిన ముక్క అదే చట్టంలో ఉంది: విదేశాలకు పంపే డబ్బు మీద పన్ను. మొదట 5 శాతం, ప్రతినిధుల సభ ఆమోదించినప్పుడు 3.5, చివరికి 1 శాతం. రేటు అయిదో వంతు అయింది కాబట్టి రాబడీ అయిదో వంతే అనుకుంటే తప్పు. మొదటి పాఠంలో అమెరికా పౌరులకు మినహాయింపు, చివరి పాఠంలో అది లేదు. మరోవైపు చివరి పాఠంలో నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్కు లాంటివాటితో పంపితేనే పన్ను, బ్యాంకు ఖాతా నుంచో అమెరికా కార్డుతోనో పంపితే లేదు. పన్ను పడే మొత్తం ఒకవైపు పెరిగి, ఇంకోవైపు బాగా కుంచించుకుపోయింది. పైగా నగదు ఇచ్చేవారిలో కొందరు ఖాతాకు మారతారు. డల్లాస్ నుంచి గుంటూరుకు యాప్‌లో బ్యాంకు ఖాతా ద్వారా పంపేవారి నుంచి 2026 జనవరి తర్వాత కూడా వచ్చేది సున్నా. ఇలాంటి బిల్లుకు రేటు గడి కన్నా "ఎవరిమీద పడదు" అనే సెక్షన్‌నే రెండుసార్లు చదవాలి. ఎక్సైజ్ తరహా పన్ను కాబట్టి ఇంకోటి కూడా ఉంది: ఆ మేరకు ఆదాయపన్ను, జీతాల మీద వేసే పేరోల్ పన్ను తగ్గుతాయని స్థూల వసూలులో సుమారు నాలుగో వంతు కోసి నికరం చూపడం ఆనవాయితీ.

మీ ప్రాజెక్టుకు ఒక సలహా. పెద్ద బిల్లు జోలికి పోకండి. ఒక వారం సస్పెన్షన్ జాబితా తీసుకుని అందులోని బిల్లులన్నిటికీ పాఠం తేదీ, సంస్థ, ఖాతా, మారే సెక్షన్, దిశ అనే అయిదు గడులు నింపండి. సీబీఓ పట్టిక చూడకుండా నింపి, తర్వాత పోల్చుకోండి. వాటిలో ఒక్కదానికి మాత్రం, వీలైతే నెలవారీ చెల్లింపు ఉన్నదానికి, పదేళ్ల అంకెలు కట్టండి. జనం సంఖ్య ఎక్కడ తీసుకున్నారో, ఏ నెల బేస్‌లైన్ వాడారో గడి పక్కనే రాయండి. తేలనిచోట "ప్రభావం ఉంది, వ్యయం పెరుగుతుంది, పరిమాణం తేలలేదు" అని రాసి, తేలాలంటే ఏ శాఖ నుంచి ఏ డేటా కావాలో కింద ఒక వాక్యం చేర్చండి.